బాలింత కోసం పాలసొర: పలాస నుంచి ఉద్దానం తీరానికి ఒక గురువారం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నెల రోజులు వదిలేశాను కూడా. పాలిచ్చే తల్లుల గురించి డెబ్బై నాలుగేళ్ళ మగవాడు, అందులోనూ బతుకంతా రేడియోలు విప్పి బిగించినవాడు, రాయడానికేముందని ఒక మొహమాటం. రెండో మొహమాటం ఏమిటంటే, ఇందులో నా పాత్ర అంత గొప్పగా ఉండదు. మొన్న మనవరాలు హేమ ఫోన్ చేసి, చేపల రేట్లూ రైళ్ళ టైములూ అయితే తెగ రాస్తావు, ఇది మాత్రం రాయవేం తాతయ్యా అని అడిగింది. తన ఫొటో పెట్టకూడదు, తక్కినదంతా రాయొచ్చు అన్న షరతు మీద రాస్తున్నాను.

మాది విజయనగరం. హేమ మా అమ్మాయి పార్వతి కూతురు. తొలికాన్పుకి పుట్టింటికి, అంటే పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గకి వచ్చింది. టెక్కలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. ముత్తాతనయ్యానన్న సంబరంలో ఒక ఆదివారం పొద్దున్న ఏడున్నర దాటాక రైలెక్కాను. మామూలు పెట్టెలో కూర్చుంటే టిక్కెట్టు అరవై రూపాయలు కూడా కాదు, పదకొండు లోపే పలాసలో దిగిపోవచ్చు. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. నౌపడ దాటేటప్పుడు ఉప్పుమడులు కనిపిస్తాయి. నౌపడ ఉప్పు గురించి నాకు చాలా తెలుసు. మా రేడియో షాపులో పాత పేపర్లు, పుస్తకాలు చింపి పార్సిళ్ళు కట్టేవాళ్ళం. నా చదువంతా ఆ చింపే ముందు చదివిందే, అందుకే కొన్ని విషయాలు సగమే తెలుసు. ఉప్పు సంగతి ఇంకోసారి చూద్దాం. అది మొదలుపెడితే పలాస దాటి ఇచ్ఛాపురం వెళ్ళిపోతాం.

పార్వతివాళ్ళ ఇల్లు చిన్నది. ఒక హాలు, ఒక గది, వెనక వంటిల్లు. మా అల్లుడిది జీడిపప్పు వ్యాపారం కనక ఆ గదినిండా పప్పు టిన్నులూ జీడిపిక్కల బస్తాలూ ఉంటాయి. అందుకని బాలింత మంచం హాల్లోనే ఒక పక్కన వేసి, చీర అడ్డం కట్టారు. ఫ్యానున్నదీ హాల్లోనే. నన్ను ఎక్కడ కూర్చోబెడతారు? ఫ్యాను కిందే ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పాపని చూడడానికి వచ్చే చుట్టాలకీ అక్కడే. వచ్చినవాళ్ళు జుబ్బాలూ డబ్బులూ పాప చేతిలో పెట్టి టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళే గాని, నేనున్నాను కదా, మాట కలిపేవాణ్ణి. మనిషి దొరికితే వదలడని నా గురించి మా ఊళ్ళో చెప్పుకుంటారు, అబద్ధమేమీ కాదు.

సోమవారం హేమనీ పాపనీ టెక్కలి తీసుకెళ్ళి తూకం వేయించారు. పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందలున్న పాప, పదిహేను రోజులు నిండినా రెండు కిలోల ఆరు వందల యాభై దగ్గరే ఉంది. ఈపాటికి పుట్టిన బరువుకి రావాలి, వచ్చే సోమవారం మళ్ళీ చూస్తాం, అప్పటికీ పెరక్కపోతే వార్డులో చేర్చుకోవాలి అని నర్సమ్మ నెమ్మదిగానే చెప్పిందట. ఇంటికొచ్చాక హేమ గోడ వైపు తిరిగి పడుకుంది. పార్వతి సీసాలో డబ్బాపాలు కలిపింది. అప్పటికే రోజుకి రెండుసార్లు పడుతున్నారు, ఆ రోజు నుంచి నాలుగుసార్లయింది. పిల్లకి పాల్లేవు అన్న మాట ఇంట్లో స్థిరపడిపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా హేమ మొహం చూడలేకపోయేవాణ్ణి.

బుధవారం వచ్చిన ఒక పెద్దావిడ, పాలసొర తినిపించండి, రెండు రోజుల్లో పాలు పొంగుతాయి అంది. పాలసొర అంటే చిన్నరకం సొరచేప. బాలింతలకి పెట్టడం మన తీరంలో అంతటా ఉన్నదే. బజారులో దొరికేది ఐసులో ఎన్నాళ్ళుందో తెలియదు, ఒడ్డుకెళ్ళి తెస్తే నయం అన్నారు. అల్లుడు పిక్కల లోడు మీద మందస వెళ్ళాడు. ఖాళీగా ఉన్న మగవాణ్ణి నేనే.

గురువారం తెల్లారి ఆరింటికి కాశీబుగ్గలో ఆటో మాట్లాడుకున్నాను. తీరానికి రానూ పోనూ, గంటన్నర ఆగడంతో కలిపి ఆరు వందలు. బస్సులో వెళ్తే చవకే, కాని అది మిమ్మల్ని దించేచోటికీ సముద్రానికీ మధ్య ఇసకలో నడక చాలా ఉంటుంది. ఆటో అతని పేరు సింహాచలం, యాభై ఏళ్ళుంటాయి, ఎక్కిన రెండో నిమిషానికి నన్ను మావా అన్నాడు. కార్తీకమాసం కదా, రోడ్డు మీద చలి, జీడితోటల్లో మంచు. తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయని చూపించాడు. ఎందుకు వెళ్తున్నామో చెప్పాను. సొర తింటే పాలకి తిరుగులేదన్నాడు. వాళ్ళావిడకి మూడు కాన్పులకీ అదే పెట్టారట, ముగ్గురు ఆడపిల్లలూ రాళ్ళలా ఉన్నారట. సమర్థించేవాడు దొరికాడు కనక నాకు ధైర్యం వచ్చింది.

వజ్రపుకొత్తూరు దాటి, సరుగుడు చెట్ల మధ్య నుంచి ఏడింటికి ఒక మత్స్యకార గ్రామం ఒడ్డున దిగాం. పడవలు అప్పుడే వస్తున్నాయి. కార్తీకంలో ఊళ్ళలో చాలామంది నీచు తినరు కనక బేరగాళ్ళు తక్కువ, చేప చవక. రెండు పాలసొరలు, కిలోంపావు తూగాయి, నాలుగు వందల యాభైకి ఇచ్చింది నూకాలమ్మ అనే ఆమె. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నదై ఉంటుంది, గొంతు మాత్రం ఒడ్డంతా వినబడుతుంది. కత్తిపీట మీద సొర చర్మం తీస్తూ ఎవరికని అడిగింది. బాలింతకి అన్నాను.

"ఎన్ని దినాలయినాది?"

"పద్దెనిమిది."

"పాల్లేవని ఎవులన్నారు? గుంటే అన్నాదా, ఇంట్లోవోలా?"

గుంటంటే పిల్ల, ఆవిడ అడిగేది హేమ గురించి. నేను ఆలోచించాను. ఇంట్లోవాళ్ళమే అన్నాం. హేమని ఎవరూ అడగలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె కత్తి ఆపి నా వైపు చూసి, చేతులు కడుక్కుని, ఒకసారి ఇటు రమ్మంది. చేప కవర్లో పెట్టించుకుని పోయేవాణ్ణి, వెనకాలే వెళ్ళాను.

ఒడ్డుకి కాస్త ఎగువన వలలు పెట్టుకునే తాటాకుల పాక ఉంది. ఆ ఊరివాళ్ళకి ఒక పద్ధతుందట. పడవలు వచ్చాక ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని బేరానికి పోతారు. పసిపిల్లల తల్లులు పోలేరు. ఇంట్లో ఒక్కళ్ళూ కూర్చోరు. పిల్లల్ని తీసుకుని ఆ పాకలో చేరతారు. బేరానికి పోలేని ముసలమ్మలూ అక్కడే ఉంటారు. తొలిచూలు పిల్ల పాలివ్వడానికి కూర్చుంటే, ఒక ముసలమ్మ ఆమె వెనక, వీపుకి వీపు ఆనించి కూర్చుంటుంది. తల్లికి అదే కుర్చీ. వెనక మనిషి వెచ్చగా ఆనుకుని ఉంటే నడుము నొప్పి పుట్టదు, ముందున్న మనిషి కళ్ళలో కళ్ళు పెట్టి చూడక్కర్లేదు, ఏడుపొస్తే ఏడవొచ్చు. ఇదంతా నాకు తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం నన్ను పాక బయట, తడిక అవతల, సముద్రం వైపు మొహం పెట్టించి ఒక తిరగేసిన గంప మీద కూర్చోబెట్టారు. "ఇటు తిరిగావంటే గంప లాగేత్తాను తాతా" అంది నూకాలమ్మ. లోపల నవ్వులు. నేను అరగంట సముద్రాన్ని చూస్తూ చెవులు మాత్రం తడికకి అప్పగించాను.

గురువారాలు అంగన్‌వాడీ టీచరు వస్తుందట. ఒక గుడ్డబొమ్మని చేత్తో పట్టుకుని చెబుతున్నట్టు మాటల్ని బట్టి తెలిసింది. పాప నోరు బాగా తెరిచాకే దగ్గరికి తీసుకోవాలి, చివర మాత్రమే నోట్లో ఉంటే తల్లికి నొప్పి, పిల్లకి పాలు అందవు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలి అంది. ఏడిచేదాకా ఆగకూడదు, పెదాలు చప్పరించినా, తల అటూ ఇటూ తిప్పినా అదే ఆకలి అంది. రోజుకి ఎనిమిదిసార్లకి తక్కువ కాకుండా పట్టాలి, ఎంత తాగితే అంత ఊరతాయి, సీసా పట్టినప్పుడల్లా ఆ పూటకి ఊరాల్సినవి ఊరవు అంది. ఆరు నెలల దాకా తేనె, పంచదార నీళ్ళు, మంచినీళ్ళు కూడా వద్దు అంది. ఆముదం సంగతేటని ఒక ముసలమ్మ అడిగింది. వద్దన్నాక, మరి మమ్మల్నందరినీ ఆముదం పోసే పెంచినారు, మేం బతకలేదా అంది. బతికారు, బతకని వాళ్ళు ఇక్కడికొచ్చి చెప్పలేరు కదమ్మా అంది టీచరు. ఆ ముసలమ్మే మెల్లిగా, తన రెండోవాడి పేరు చెప్పింది.

తర్వాత తడికలోంచి నాకు విచారణ మొదలైంది. ప్రశ్నలు నూకాలమ్మవి, వింటున్నది పాకంతా.

"మీ గుంట పాలెక్కడిత్తాది తాతా?"

హాల్లో మంచం ఉందని, చీర అడ్డం ఉందని చెప్పాను. మగవాళ్ళుంటే బస్తాల గదిలోకి వెళ్తుందని చెప్పాను. ఆ గదిలో ఫ్యాను ఉందా అన్నారు. లేదన్నాను. దేని మీద కూర్చుంటుంది అన్నారు. పిక్కల బస్తా మీద.

"మగోలంటే ఎవులు?"

"చుట్టాలు వస్తూ ఉంటారు. తరవాత... నేను."

"నువ్వెక్కడ కూకుంటావు?"

"హాల్లోనే. ఫ్యాను కింద."

"ఎంతసేపు?"

ఆదివారం నుంచి అన్నాను. పాకలో నవ్వు లేచింది. నాకూ నవ్వొచ్చింది గాని సగంలో ఆగిపోయింది. ఎందుకంటే అప్పుడు నాకు వరసగా గుర్తొస్తున్నాయి. పాప కదులుతుంది. హేమ చీర పక్కకి జరిపి నా వైపు చూస్తుంది. నేను ఏదో కథలో ఉంటాను. ఎదురుగా వచ్చినవాళ్ళు టీ గ్లాసులతో ఉంటారు. ఈ కథ అయ్యాక అనుకుని హేమ ఆగుతుంది. నా కథ ఎప్పుడైనా అయిందా? పాప ఏడుపు అందుకుంటుంది. పెద్దవాళ్ళ మాటకి అడ్డం రాకూడదని పార్వతి సీసా తెస్తుంది. రోజుకి నాలుగుసార్లు.

"మా ఇంటో ఆవుంది తాతా," అంది నూకాలమ్మ, ఈసారి గొంతు తగ్గించి. "కొత్తోలు ఎదర నిలబడితే అది సేపదు. పొదుగునిండా ఉన్నా దించదు. నీ గుంటకీ అంతే. సొర ఒట్టుకెల్లు, మంచిదే, తల్లికి బలం. సొర వల్ల పాలు రావు. నువ్వు లేత్తే వత్తాయి."

గంప మీద నుంచి లేచాను. ఎక్కడికి వెళ్ళాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను.

తన గంప కాశీబుగ్గ బజారుకే అని, ఆటోలో చోటుంటే ఇంటికొచ్చి చూస్తానని ఆమే అంది. టీచరు బయటికొచ్చి నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది: డబ్బాపాలు ఇవాళే ఒక్కసారిగా ఆపేయొద్దు, ముందు తల్లి దగ్గర పట్టి, ఇంకా ఆకలైతే ఉగ్గుగిన్నెతో పట్టండి, సీసా తీసేయండి, పాప మందకొడిగా ఉన్నా మూత్రం తగ్గినా సోమవారం దాకా ఆగకుండా టెక్కలి వెళ్ళిపోండి. నేను జేబులో ఉన్న రైలు టిక్కెట్టు వెనక రాసుకున్నాను.

దారిలో సింహాచలాన్ని కూడా విచారించింది నూకాలమ్మ. సొర తినిపించావు సరే, ఆ నెల నువ్వెక్కడ పడుకున్నావు అంది. వాళ్ళమ్మ తనని పశువుల శాలలో పడుకోబెట్టిందని, నెల దాటేదాకా గడప ఎక్కనివ్వలేదని చెప్పాడు. ఆ సంగతి పొద్దున్న నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, "అడిగినావేటి మావా, సెప్పింది నువ్వే గదా అంతా" అన్నాడు.

పది దాటాక ఇల్లు చేరాం. చేపల గంపతో ఎవరో ఆవిడ బాలింత దగ్గరికి వస్తుంటే పార్వతికి నచ్చలేదు. పురుటిల్లమ్మా, నీచు వాసన అంది. నూకాలమ్మ గంప వీధిలో పెట్టి, నూతి దగ్గర కాళ్ళూ చేతులూ సబ్బుతో తోముకుని, పొడి తువ్వాలు అడిగి తుడుచుకుని వచ్చింది. అప్పుడు పార్వతి కోపం నా మీదకి మళ్ళింది. సోమవారం దాకా నాలుగు రోజులే ఉన్నాయి నాన్నా, ప్రయోగాలకి ఇదా సమయం, రేపు వార్డులో పిల్లకి సూదులు గుచ్చుతుంటే ఎవరు చూస్తారు అంది. తప్పు నీది కాదు, నా కుర్చీది అని చెప్పి, ఆ ప్లాస్టిక్ కుర్చీని నేనే మోసుకుని వీధి మెట్ల దగ్గర వేసుకున్నాను. తలుపు లోపల్నుంచి వేశారు.

చాలాసేపు ఏమీ తెలియలేదు. పాప ఏడ్చింది, ఆగింది, మళ్ళీ ఏడ్చింది. హేమ ఏడుపు కూడా వినబడింది. నూకాలమ్మ మాట అర్థం కాలేదు, రాగం మాత్రం తెలుస్తోంది. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. కాసేపటికి పార్వతి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది. హేమ వెనక ఆవిడ వీపు ఆనించి కూర్చుందని, పాప గుటకలు వినబడుతున్నాయని చెప్పింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు వినలేదు నాన్నా అంది. తర్వాత అడిగింది, నేను పుట్టినప్పుడు అమ్మ ఎక్కడ కూర్చునేది అని.

వంటింట్లో, పొయ్యి పక్కన. ముందుగది నా షాపు కదా. పార్వతి ఏడిస్తే, బేరగాళ్ళకి ఇబ్బందని నేను రేడియో గొంతు పెంచేవాణ్ణి. మంచి మర్ఫీ సెట్టు, వీధి చివరిదాకా వినబడేది. ఈ ముక్క నేను ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. మెట్టు మీద పార్వతికి చెప్పాను. ఆమె కొంగుతో మెట్టు మీది ఇసక దులిపింది.

బేరం పోయిందని నూకాలమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. తిరిగి వెళ్ళడానికి ఆటో డబ్బులు తప్ప ఏమిచ్చినా తీసుకోలేదు. సొరని కార్తీకం పట్టే పార్వతి పెరట్లో వేరే పొయ్యి మీద ఉడికించి, పొడిపొడిగా చిదిపి పిట్టు చేసింది. వెల్లుల్లి, మిరియాలు దండిగా. హేమ తిన్నాక మిగిలింది నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. శుక్రవారం నుంచి నా డ్యూటీ వీధి మెట్లు. పాపని చూడడానికి వచ్చినవాళ్ళని తలుపు దగ్గరే ఆపి, ఎదురు టీ బడ్డీకి తీసుకుపోయి అక్కడ కథలు చెప్పాను. కొందరు టీ తాగి అటే వెళ్ళిపోయారు. ఒకాయనకి కోపం వచ్చింది. నూకాలమ్మ ఫోన్ చేసి తడిసిన గుడ్డలు ఎన్ని అని హేమనడిగేది. శనివారం ఆరయ్యాయి. సీసా ఎక్కడ పెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఉద్దానం అంటే పైవాళ్ళు కొబ్బరితోటలు అడుగుతారు, జీడిపప్పు ధర అడుగుతారు, కిడ్నీ జబ్బు గురించి అడుగుతారు. నేనూ అవే అడిగేవాణ్ణి. పిల్లకి పాలు లేవు అన్న మాట ఎంత తేలిగ్గా అనేస్తామో, అది ఆ తల్లి మీద ఎంత బరువో నాకు ఈ వయసులో తెలిసింది. అదీ ఒక తడిక వెనక కూర్చుంటే తెలిసింది. ఆ పాకలో ఎవరూ ఎవరికీ నీకు పాల్లేవని చెప్పలేదు. ఎక్కడ కూర్చుంటున్నావు, వెనక ఎవరున్నారు అని అడిగారు. మా ఇంట్లో అందరం హేమ ఏం తింటోందో చూశాంగాని, ఎక్కడ కూర్చుంటోందో చూడలేదు. ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఒడ్డుకి ఏడింటికల్లా చేరండి, ఎనిమిది దాటితే మంచి సొర గంపల్లో వెళ్ళిపోతుంది. తెచ్చిన చేపని బాలింత ఇంట్లో ఇచ్చి, పాపని చూసి, పావుగంటలో లేచి వచ్చేయండి. మధ్యలో పాప కదిలితే ఆ పావుగంట కూడా వద్దు.

సోమవారం కాశీబుగ్గలో తొమ్మిదింటి బస్సెక్కి పదింటికి టెక్కలి చేరాం. నర్సమ్మ పాపని తూకం మీద పడుకోబెట్టింది. రెండు కిలోల ఏడు వందల తొంభై. పుస్తకంలో రాసి, చేర్చక్కర్లేదు, మళ్ళీ వారం రమ్మంది. గుడ్డలు విప్పినందుకు పాప ఏడ్చింది. హేమ అక్కడే తూకం పక్కన బల్ల మీద కూర్చుని పాలివ్వడం మొదలుపెట్టింది. నేను బయటికి వచ్చేశాను. లైన్లో వెనకున్నవాళ్ళు ఆగారు.